మక్క తీపి పోకముందే

జనవరిలో పసుపు తవ్వకాలు మొదలయ్యాయంటే ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఒకటే హడావుడి. కొమ్ముల్ని ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తోలాలి. ఉడికితేనే రంగు సమంగా పరుచుకుంటుంది, ఎండడమూ తొందరగా అవుతుంది. తడి తీసేసిన సరుకు మంచి ధర వచ్చేదాకా ఆగుతుంది.

పక్కనే అంకాపూర్. అక్కడి పచ్చి మక్క కంకికి ఎండబోసే దారి లేదు. కోసినప్పటి నుంచే గింజలోని చక్కెర పిండిగా మారుతుంటుంది. వేడిలో వదిలేస్తే మామూలు స్వీట్‌కార్న్ ఒక్క రోజులోనే దాదాపు సగం తీపి పోగొట్టుకుంటుంది. దాన్ని పట్టి ఆపేది చలే. అదీ చప్పున తగిలే చలి.

1912 తర్వాత కెనడాలోని లాబ్రడార్‌లో గడిపిన అమెరికన్ క్లారెన్స్ బర్డ్స్‌ఐ ఈ సంగతి కళ్లారా చూశాడు. ఇన్యూట్ జనం పట్టిన చేప ఆ గడ్డ చలిగాలికే బిగుసుకుపోయేది. ఎప్పుడో వండినా తాజా రుచే. నీరు నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు పలుకులు ఏర్పడి కణాల గోడల్ని చీలుస్తాయి. కరిగాక నీరు కారిపోయి గింజ మెత్తబడుతుంది. మైనస్ 1, మైనస్ 5 డిగ్రీల మధ్యే ఈ నష్టం ఎక్కువ. ఆ మెట్టును వేగంగా దాటించే పద్ధతిని బర్డ్స్‌ఐ వ్యాపారంగా మార్చాడు. 1930లో గడ్డకట్టించిన ఆహారం అమెరికా దుకాణాలకెక్కింది.

ఇంట్లోనూ చేసుకోవచ్చు. పొట్టు తీసిన కంకుల్ని మరిగే నీళ్లలో 4 నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేయాలి. ఈ ఉడుకు మానేయకూడదు. గింజలోని ఎంజైములు ఫ్రీజర్‌లోనూ మెల్లగా పనిచేస్తూ రంగు, వాసన చెడగొడతాయి. పూర్తిగా చల్లారాక తడి తుడిచి, గింజలు కోసి, స్టీలు పళ్లెంలో ఒక్క వరుసగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టాలి. రాయిలా బిగిశాక సంచిలో నింపి, గాలి పిండేసి, తేదీ రాసుకోవాలి. నిల్వకు మైనస్ 18 డిగ్రీలు కావాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని చిన్న అర చాలాసార్లు అంత చలికి చేరదు. అలాంటి చోట నెలలు దాచకపోవడమే మేలు.

అంకాపూర్ అంటే నాటుకోడి కూడా. కూర పార్సిల్ కట్టించుకుని హైదరాబాద్ దాకా పట్టుకెళ్లేవాళ్లున్నారు. నాకు భయం ఇక్కడే. వండిన కూర గోరువెచ్చగా 2 గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండలోనైతే గంటే. కారు డిక్కీలో దానికి మించి ఉండిపోయిన కూరను ఫ్రీజర్ బాగుచేయలేదు. చలి సూక్ష్మజీవుల్ని నిద్రపుచ్చుతుందే తప్ప చంపదు. వాటిలో కొన్ని వదిలే విషం మళ్లీ మరిగించినా పోదు. అంతదూరం తీసుకెళ్లాలంటే కూరను ముందే చల్లార్చి, నిండా ఐసు వేసిన పెట్టెలో పెట్టుకోవాలి. ఇంటికి చేరగానే ఒక పూటకు సరిపడా లోతులేని డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌కు చేర్చాలి. తినే ముందురోజు రాత్రే తీసి ఫ్రిజ్ కింది అరలో పెడితే, గట్టుమీద వదిలే పని లేకుండా పొద్దుటికి కరుగుతుంది.