మెదడు వాకిట నిలిచిన మందు

మా వైద్య ప్రసంగములను విని శ్రోతలు వ్రాయు జాబులలో ఒక ప్రశ్న పలుమారులు కనబడుచుండును. రొమ్ములోని కంతిని మందు ఎక్కించి తగ్గించుచున్నారు. రక్తపు క్యాన్సరును సైతము అణచుచున్నారు. మెదడులోని కంతికి మాత్రము మందు ఏల పనిచేయదు? న్యాయమైన ప్రశ్నయే. సమాధానము చెప్పవలెనన్న, కంతి సంగతికంటె ముందు మెదడు వాకిలి సంగతి చెప్పవలసి యున్నది.

1885లో జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తములోనికి రంగు ఎక్కించి చూచెను. దేహమందలి అవయవములన్నిటికిని రంగు పట్టెను. మెదడు మాత్రము తెల్లగనే నిలిచెను. మెదడునకు రంగును పట్టుకొను గుణము లేదని ఆయన తలచెను. అది పొరపాటని ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ 1913లో తేల్చెను. ఆయన రంగును రక్తములో గాక, మెదడును వెన్నుపామును తడుపుచుండు ద్రవములో కలిపెను. ఈమారు మెదడునకు చక్కగా రంగు పట్టెను. తక్కిన దేహమునకు అంటలేదు. నడుమ ఏదో గోడ కలదన్నమాట. ఆ గోడ ఎట్టిదో 1967లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపెను. మెదడులోని సన్నని రక్తనాళముల కణములు సందు లేకుండ ఒకదానితో నొకటి అతుకుకొని యున్నవి. ప్రాణవాయువు, చక్కెర లోనికి పోవును. విషములు, సూక్ష్మజీవులు, వానితోబాటు మన మందులలో పెక్కు వాకిటనే నిలిచిపోవును.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మన శ్రోతలకు సుపరిచితమే. ఆయన నాయకత్వమున లెడర్లే ప్రయోగశాలలో రూపొందిన మెథోట్రెక్సేటును రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చునపుడు, వ్యాధికణములు మెదడు పొరలలో దాగకుండుటకై, నడుమున సూది గ్రుచ్చి వెన్ను ద్రవములోనికి కూడ ఎక్కింతురు. గోల్డ్‌మన్ త్రొక్కిన త్రోవయే అది. కాని ఆ విధముగ ఎక్కించిన మందు మెదడు పైపొరలను తడుపునే కాని, గట్టి కంతి లోతులకు చేరదు.

పెద్దవారిలో మెదడునందే పుట్టు కంతులలో మిక్కిలి క్రూరమైనది గ్లియోబ్లాస్టోమా. మాగాణిలో తుంగ ఎట్టిదో ఇదియు అట్టిదే. పైమొక్కను పెరికినను గడ్డలు నేలలో నిలిచియుండును. చిత్రమేమనగా, కంతి నడిబొడ్డున గోడ కొంత శిథిలమై మందు చొరబడును. అంచులలో, మంచి మెదడులోనికి ప్రాకిన కణముల చెంత, గోడ చాలవరకు చెక్కుచెదరక యుండును. కత్తికి అందనివే మందునకును అందవు. 2005లో ప్రకటింపబడిన పరిశోధనలో, కిరణచికిత్సకు ఈ గోడను కొంతవరకు దాటగల టెమోజోలోమైడును చేర్చగా, రోగుల మధ్యస్థ జీవితకాలము 12.1 మాసములనుండి 14.6 మాసములకు పెరిగెను. అంతే.

కంతిని తీసిన గుంటలో మందు నింపిన బిళ్లలను పరచుట 1996లో అమెరికాలో అనుమతింపబడినది. ఆ మందు కొద్ది మిల్లీమీటర్లకు మించి వ్యాపింపదు. మాకు ఎక్కువ ఆసక్తి కల్గించినది వేరొక ఉపాయము. రక్తములోనికి అతిసూక్ష్మమైన బుడగలను ఎక్కించి, తలపైనుండి అల్ట్రాసౌండు తరంగములను ఒక్కచోటికి మళ్లింతురు. బుడగలు అదరి నాళపు అతుకులను సడలించును. కొన్ని గంటలలో అవి మరల బిగిసికొనును. తలుపు ఓరగా తీసి, మందును పోనిచ్చి, మరల వేసినట్లు! టొరంటోలో 2015లో పుర్రెను కోయకయే ఒక రోగికి ఇట్లు చేసిరి.

మందునకు మారుగా సైనికులనే పంపిన? మన రక్తములోని టి-కణములు తామే చరించి శత్రువును వెదకగలవు. రోగినుండి వానిని తీసి, కంతి కణములపై నుండు ఒక గురుతును పట్టునట్లు మార్చి తిరిగి ఎక్కింతురు. వీనినే కార్-టి కణములందురు. కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ వైద్యులు వీనిని ఒక రోగికి మొదట కంతి గుంటలోనికి, పిమ్మట మెదడు కుహరములలోనికి ఎక్కించినట్లు 2016లో ప్రకటించిరి. మెదడులోను వెన్నులోను ఉన్న కంతులన్నియు కరగిపోయెను. ఏడున్నర మాసములు ఆ స్థితి నిలిచెను. పిమ్మట క్రొత్త చోట్ల కంతులు లేచెను. వానిలో ఆ గురుతు తగ్గియుండెను.

ఒకే కంతిలో కణములన్నియు ఒకే వేషమున నుండవు. అందుచే మాసచూసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు రెండు గురుతులను పట్టునట్లు సిద్ధపరచిన కణములను ముగ్గురికి ఇచ్చి, ఫలితమును 2024లో ప్రకటించిరి. ముగ్గురిలోను కొద్ది దినములకే కంతి కుదించుకొనిపోయెను. ఇద్దరిలో అది తాత్కాలికమే. ఒకరిలో ఆరు మాసములకు పైగా నిలిచెను. ముగ్గురితో చికిత్స స్థిరపడదు. ఇది ఇంకను పరీక్షల దశలోనే యున్నదని, ఎచ్చటనైన సొమ్ము కట్టి కొనుక్కొనదగిన వైద్యము కాదని, జాబులు వ్రాసిన కుటుంబములవారికి మేము బదులు వ్రాయుచున్నాము.