ఎలుక మీద కోపం

“ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు” అని సామెత ఉంది. పెద్దలు ఆ మాట ఊరికే అనలేదు. ఎలుకను చంపాలని మందు తెస్తాం. ఆ మందు ఒక్కోసారి ఇంట్లో పిల్లల ప్రాణం మీదికే వస్తుంది. మరి ఎలుకను వదిలించుకునేది ఎట్లా? ముందు ఎలుక సంగతి తెలుసుకుందాం.

చెట్టు దిగి ఇంటికి వచ్చింది

ఇంటి ఎలుకకు పుట్టిల్లు మన భారతదేశమే. మొదట అది అడవిలో చెట్ల మీద తిరిగే జంతువు. పడమటి కనుమల్లో మబ్బులు కమ్ముకునే కొండ అడవులు ఉన్నాయి. అక్కడ దీని దగ్గరి చుట్టాలు ఇప్పటికీ చెట్ల మీదే ఉంటాయి. మనుషులు ధాన్యం పండించి దాచుకోవడం మొదలుపెట్టారు. ఎలుక ఆ ధాన్యం దగ్గరికి చేరింది. తర్వాత ఓడలెక్కి దేశదేశాలకు పోయింది.

ఇల్లు మారినా చెట్లెక్కే అలవాటు పోలేదు. ఇంటి ఎలుక తోక దాని ఒంటి కంటే పొడుగు. పక్కకు ఒరిగిపోకుండా ఆ తోకే దాన్ని ఆపుతుంది. అందుకే బట్టలారేసే తీగ మీద, కరెంటు వైరు మీద కూడా చకచకా పరుగెత్తుతుంది. గోడ పాకి, పైకప్పు రేకుల సందులోంచి లోపలికి దిగుతుంది.

మూడు రకాలు

సికింద్రాబాద్ బస్తీల్లో ఆడవాళ్లకు మూడు రకాల ఎలుకలు బాగా తెలుసు. చిట్టెలుక చాలా చిన్నది. బట్టల పెట్టెలో, డబ్బాల వెనక దాక్కుంటుంది. ఇంటి ఎలుక అటక మీద, పైకప్పు కింద తిరుగుతుంది. మూడోది పందికొక్కు. పెద్దది కిలో బరువు దాకా ఉంటుంది. మోరీ పక్కన, గోడ పునాది కింద బొరియలు తవ్వుతుంది.

ఇంగ్లీషులో పందికొక్కును “బాండికూట్” అంటారు. అది మొదట ఇంగ్లీషు మాట కాదు. మన తెలుగు “పందికొక్కు” మాటనే తెల్లవాళ్లు అట్లా పలికారు.

ఎందుకు కొరుకుతుంది?

ఎలుక ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. కొరికి అరగదీసుకోకపోతే నోరు మూయలేదు, తిండి తినలేదు. అందుకే ఆకలి లేకపోయినా చెక్క, ప్లాస్టిక్, గోనె సంచి, కరెంటు వైరు కొరుకుతుంది. వైరు కొరికితే నిప్పు కూడా పుట్టవచ్చు.

ఎలుక సుమారు మూడు వారాలకే ఈనుతుంది. ఒక్క ఈతలో ఐదారు పిల్లలు, ఇంకా ఎక్కువ కూడా పుడతాయి. మూడు నాలుగు నెలలకు ఆ పిల్లలు కూడా పిల్లల్ని పెడతాయి. రెండు ఎలుకల్ని చంపి ఊరుకుంటే లాభం లేదని దీనివల్ల తెలుస్తుంది.

ఎలుక జ్వరం

తిండి పాడవడం ఒక్కటే నష్టం కాదు. ఎలుక మూత్రంలో ఒక రోగక్రిమి ఉండవచ్చు. వానాకాలంలో మోరీలు పొంగితే ఆ మూత్రం నీళ్లలో కలుస్తుంది. కాలికి పుండు, పగులు ఉన్నవాళ్లు ఆ నీళ్లలో నడిస్తే క్రిమి ఒంట్లోకి పోతుంది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఎన్నో బస్తీలు నీట మునిగాయి. అలాంటప్పుడే ఈ జ్వరం భయం ఎక్కువ.

గట్టిగా జ్వరం వస్తుంది. ఒళ్లు నొప్పులు, ముఖ్యంగా పిక్కల నొప్పి ఉంటుంది. కళ్లు ఎర్రబడతాయి. ముదిరితే కామెర్లు వస్తాయి. మొదట్లోనే డాక్టరు దగ్గరికి పోతే మందులతో తగ్గుతుంది. మురుగు నీళ్లలో నడిచిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

మందుతో ముప్పు

ఎలుకల మందుల్లో ఒకటి పేస్టు. పళ్ల పేస్టు లాగే గొట్టంలో దొరుకుతుంది. కొన్ని పేస్టుల్లో పసుపు భాస్వరం అనే విషం ఉంటుంది. దాన్ని టమాటాకో, బ్రెడ్డు ముక్కకో రాసి పెడతారు. తెల్లారి ఎవరూ చూడకముందే పిల్లలు నోట్లో పెట్టుకుంటే?

ఈ విషం మోసం చేస్తుంది. మొదట వాంతులు, కడుపునొప్పి వస్తాయి. తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి కోలుకున్నట్టే కనిపిస్తాడు. కానీ లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. దీనికి తగిన విరుగుడు మందు లేదు. అందుకే “తగ్గిందిలే” అని ఇంట్లో ఉంచకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి, లేదా గాంధీ ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు. పాలు, నూనె పట్టించవద్దు. మందు డబ్బా వెంట తీసుకుపోవాలి. ఏ విషమో డాక్టరుకు దాన్నిబట్టి తెలుస్తుంది.

పురుగుల మందు, ఎలుకల మందు డబ్బాల మీద పలక ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపుంటే అన్నిటికంటే ఘోరమైన విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది తినే వస్తువు కాదు. అక్షరాలు చిన్నగా ఉన్నా కూడబలుక్కుని చదవాలి. గుర్తు లేని మందు, పేరు లేని పొట్లం కొనవద్దు.

మందు లేకుండా ఎట్లా?

ఎలుకకు కావలసినవి తిండి, దారి. ఆ రెండూ మూయాలి.

బియ్యం, పప్పులు మూత ఉన్న రేకు డబ్బాలో పోయాలి. గోనె సంచి ఎలుకకు అడ్డం కాదు. ఎంగిలి గిన్నెలు రాత్రి వదిలేయవద్దు. చెత్త గుమ్మం ముందు పోయవద్దు.

పెన్సిలు పట్టే సందులోంచి చిట్టెలుక దూరుతుంది. బొటనవేలు పట్టే సందు ఇంటి ఎలుకకు చాలు. అలాంటి సందుల్లో గిన్నెలు తోమే ఇనుప పీచు కుక్కి, పైన సిమెంటు పూయాలి. తలుపు కింద సందుకు రేకు ముక్క కొట్టాలి.

లోపల మిగిలినవాటికి బోను పెట్టాలి. ఎలుకకు అనుమానం ఎక్కువ. కొత్త వస్తువు దగ్గరికి వెంటనే రాదు. రెండు మూడు రోజులు బోను తలుపు పడకుండా కట్టి, లోపల కొబ్బరి ముక్కో, ఎండు చేపో పెట్టాలి. భయం పోయి తినడం మరిగాక తలుపు కట్టు విప్పాలి. చచ్చిన ఎలుకను ఉత్త చేతులతో ముట్టవద్దు.

మన రైతులు కూడా ఇట్లాంటి ఉపాయమే వాడతారు. కృష్ణా, నెల్లూరు జిల్లాల్లో పొలాల ఎలుకల్ని పట్టడంలో యానాదులు నేర్పరులు. బొరియ చూసి, పొగ పెట్టి పట్టుకుంటారు.

ఒక్క ఇంట్లో దారి మూస్తే ఎలుక పక్కింటికి పోతుంది. నాలుగు రోజులకు మళ్లీ వస్తుంది. అందుకే గల్లీలో ఆడవాళ్లంతా మాట్లాడుకుని ఒకే వారంలో ఈ పని చేయాలి. ఈ రోజు సాయంత్రం వంట గది గోడ చుట్టూ చూడండి. పెన్సిలు పట్టే సందులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, నోటు పుస్తకంలో రాసుకోండి.