మిద్దె మీద ఆకుకూర – పళ్లెంలో ఆరోగ్యం

శివరాత్రితో చలి వెళ్లిపోయింది. వేపచెట్లు పూతకు వచ్చాయి, మార్కెట్లో మామిడి పిందెలు కనిపిస్తున్నాయి. ఉగాది, ఈస్టర్ పండుగల ఈ రోజులు చెట్టుకూ మనిషికీ హాయినిచ్చే రోజులు. ఎండలు ముదరకముందే గుప్పెడు విత్తనాలు చల్లుకుంటే, నెల తిరిగేసరికి మన చేతి కూర మన పళ్లెంలో ఉంటుంది.

"పత్తర్‌గట్టిలో తోట ఎక్కడండీ?" అని మీరు అడగవచ్చు. నిజమే. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇక్కడి రాతి కమానుల దుకాణాలను కట్టించింది. కింద బట్టల దుకాణాలు, ముత్యాల దుకాణాలు. వెనుక ఇరుకు గల్లీలు. పెరడు అన్నమాట ఇక్కడ అరుదు. అయినా మిద్దె ఉంది, మెట్ల పక్కన గోడ ఉంది, కిటికీ ఊచలు ఉన్నాయి. రోజుకు నాలుగు గంటల ఎండ తగిలే చోటు ఒక్కటి ఉంటే ఆకుకూరకు చాలు.

ఎందుకు ఇంత చెబుతున్నాం?

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుండి ఐదేళ్ల లోపు పిల్లలలో ఇది 70 శాతం. అంటే పదిమంది పిల్లలను వరుసగా నిలబెడితే ఏడుగురికి రక్తం తక్కువ. మెట్లు ఎక్కితే ఆయాసం, చదువు మీద ధ్యాస లేకపోవడం, కాన్పు సమయంలో ప్రమాదం – వీటి వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఊళ్లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా ఆకుకూరలు రోజూ తినమంటోంది. కానీ చాలా ఇళ్లలో కూర అంటే అన్నం పక్కన రెండు గరిటెలు మాత్రమే.

ఇంకొక సంగతి. మూసీ వెంట మురుగు కలిసిన నీటితో ఆకుకూరలు పండించడం గురించి పరిశోధకులు ఏళ్ల తరబడి అధ్యయనాలు చేశారు. కొన్న కట్ట ఏ నీటితో పెరిగిందో మనకు తెలియదు. అలాగని ఆకుకూర మానేయకండి. వేర్లు కోసి, వెడల్పాటి గిన్నెలో మూడుసార్లు నీళ్లు మార్చి కడిగి, బాగా ఉడికించి తినండి. ఇంట్లో పెంచుకున్న కూర విషయంలో ఆ దిగులు చాలావరకు తగ్గుతుంది.

ఏమి నాటాలి?

మెంతికూర, పాలకూర, కొత్తిమీర చలికాలపు పంటలు. ఎండ పెరిగితే ఆకు వేయడం మాని పూతకు వస్తాయి. కాబట్టి మార్చి నుండి ఎండను ఓర్చుకునే వాటిని ఎంచుకోండి: తోటకూర, గంగవాయిలికూర, తీగబచ్చలి, పుంటికూర (మన గల్లీలో అంబాడా అంటారు). పుదీనాకు విత్తనం అక్కర్లేదు. మార్కెట్లో కొన్న కట్టలోంచి నాలుగు కాడలు తీసి నీడలో తడిమట్టిలో గుచ్చితే పట్టుకుంటుంది.

పాత బకెట్టు, నూనె డబ్బా, పండ్ల దుకాణంలో దొరికే థర్మోకోల్ పెట్టె – ఏదైనా సరే. జానెడు లోతు ఉండాలి, అడుగున నాలుగు రంధ్రాలు ఉండాలి. పురుగుమందుల డబ్బాలు, రసాయనాల డబ్బాలు మాత్రం వాడకండి. సగం ఎర్రమట్టి, పావు వంతు పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు, పావు వంతు కొబ్బరిపొట్టు కలిపి నింపండి. తోటకూర విత్తనాలు చాలా సన్నం. గుప్పెడు ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి కప్పి, చేత్తో నీళ్లు చిలకరించండి. మూడు నాలుగు వారాలలో కూరకు వస్తుంది. వేళ్లతో సహా పీకకుండా పైన తుంచుకుంటే మళ్లీ చిగురిస్తుంది.

నీళ్లు పొద్దున్నే పోయండి. ఎండ బాగా ఉంటే సాయంత్రం కూడా. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు మొక్కలకే పోయవచ్చు. ఉప్పు వేసిన నీళ్లు వద్దు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పాత చీర అడ్డం కట్టినా మొక్క బతుకుతుంది. పేను పడితే లీటరు నీటిలో ఒక చెంచా వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

జాగ్రత్తలు

పాతబస్తీలో చాలా ఇళ్లు పాతవి. తడిమట్టి చాలా బరువు. మిద్దె నడిమధ్య కుండీలు పేర్చకండి. గోడల వెంబడే పెట్టండి. కప్పు కారుతుంటే మెట్ల పక్కనో, కిటికీ దగ్గరో పెంచుకోండి.

కుండీల కింద పళ్లాలలో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికి ఒకరోజు ప్రతి పళ్లెమూ వంచి, రుద్ది, ఆరబెట్టాలి. దోమలు పెరిగే తోట కన్నా తోట లేకపోవడమే మేలు.

షుగరు ఉన్నవారు మిద్దె మీద చెప్పులు లేకుండా తిరగకండి. కాలికి చిన్న గాయమైనా చూపించుకోండి. మట్టిలో పిల్లుల మలం కలిసే అవకాశం ఉంది కనుక గర్భిణులు చేతులకు తొడుగులు వేసుకోవాలి. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

తోటకూర పెసరపప్పు (నలుగురికి)

కావలసినవి: పెసరపప్పు ఒక కప్పు, తరిగిన తోటకూర నాలుగు కప్పులు, ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిర్చి మూడు, పసుపు చిటికెడు, నూనె రెండు చెంచాలు, జీలకర్ర, ఆవాలు, వెల్లుల్లి రెబ్బలు నాలుగు, ఎండుమిర్చి ఒకటి, ఉప్పు ముప్పావు చెంచా, నిమ్మకాయ ఒకటి.

చేసే విధానం: పప్పును కడిగి, పసుపు వేసి, మూడు కప్పుల నీళ్లలో మెత్తబడేవరకు ఉడికించండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కూర వేసి మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. కూర ఉడికిన నీళ్లు పారబోయకండి. ఉప్పు వేసి, పప్పుగుత్తితో ఒకసారి మెదిపి, పోపు పెట్టి దించండి. నిమ్మరసం దించిన తరువాతే పిండాలి; పొయ్యి మీద పిండితే అందులోని విటమిన్ సి వేడికి తగ్గిపోతుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే ఈ విటమిన్ సి తోడు కావాలి.

అన్నంతోగానీ జొన్నరొట్టెతోగానీ తినండి. తిన్న వెంటనే ఇరానీ చాయ్ మాత్రం వద్దు. టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. కనీసం గంట ఆగి తాగండి.

ఉప్పు లెక్క

మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా ఉప్పు మించకూడదు. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. మీ ఇంట్లో కిలో ప్యాకెట్టు నెలలోనే అయిపోతోందా? అయితే ఆలోచించండి. పచ్చళ్లు, అప్పడాలు, బయటి మిర్చిబజ్జీలలోని ఉప్పు ఈ లెక్కలో ఇంకా కలపనే లేదు. బి.పి. ఉన్న ఇంట్లో పచ్చడికి బదులు పుదీనా, కొత్తిమీర, నిమ్మరసం వాడితే నాలుకకు రుచి తగ్గదు.

డాక్టరుగారిని అడగవలసినవారు

కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఆకుకూరల్లోని పొటాషియం ఎక్కువ కావచ్చు. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు పాలకూర, తోటకూర, గంగవాయిలికూర మితంగా తినాలి. గుండె కవాటం ఆపరేషను తరువాత రక్తం పలుచబడే వార్ఫరిన్ మాత్ర వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. ఐరన్ మాత్రలు రాసి ఇచ్చినవారు "కూర తింటున్నాం కదా" అని మాత్రలు ఆపకండి. తగ్గిన రక్తం ఒక్క కూరతో తిరిగి రాదు. మాత్ర, కూర రెండూ కావాలి. మీ హిమోగ్లోబిన్ ఎంతో తెలియకపోతే ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు పరీక్ష చేయించుకోండి.

ఈ వారం ఒక్క డబ్బాతో మొదలుపెట్టండి. నీళ్లు పోసే పని పిల్లలకు అప్పజెప్పండి. తాము పెంచిన కూర అంటే, రోజూ వద్దనే పిల్లలు కూడా ఒక ముద్ద తిని చూస్తారు. ఎక్కువ కాసిన రోజున ఒక కట్ట పక్కింటివారికి పంపండి.