పంచాయతీ కంప్యూటరునకు నీలితెర ఎందుకు వచ్చును?

పగిడ్యాల మండలమునందలి గ్రామములలో మేము పర్యటించుచుండగా పంచాయతీ సభ్యులు కొందరు మమ్ము నిలిపి యొక ప్రశ్న యడిగిరి. "సార్, మా ఆఫీసులో కంప్యూటరు ఉన్నట్టుండి నీలంగా అయిపోతాది. మళ్లా దానంతటదే వస్తాది. దినానికి రెండు మార్లు ఇదే పని. కొత్తది కొనాల్సిందేనా?" రోడ్లు, మంచినీరు, వీధిదీపములను గూర్చిన ప్రశ్నలకు సిద్ధపడి వెళ్లిన మేము దీనికి అప్పటికప్పుడు తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ బాకీ తీర్చుకొనుటకే ఈ వ్యాసము.

ఇది చిన్న విషయముగ కొందరికి తోచవచ్చును. కాని 2019 అక్టోబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు ఆరంభమైన నాటినుండి గ్రామస్థుల పనులలో పెక్కు కంప్యూటరు తెర మీదుగనే సాగుచున్నవి. ఆదాయ ధ్రువపత్రము కొరకు వచ్చిన విద్యార్థి తండ్రియు, పింఛను పత్రములో పేరు దిద్దించుకొన వచ్చిన వృద్ధురాలును ఆనాటి కూలి వదలుకొని వచ్చినవారే. తెర నీలమైనచో వారికి లభించునది "రేపు రండి" యను మాట యొక్కటే. అంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి గలదు. పింఛను వివరములవంటివి దూరముననున్న సర్వర్లలో భద్రముగ నుండును. పంచాయతీవారు తమ సౌకర్యము కొరకు టైపు చేయించుకొన్న ఇంటిపన్ను బకాయిల పట్టికలు, తీర్మానముల ప్రతులు, స్కాను చేయించిన పాత రిజిస్టర్లు మాత్రము చాలచోట్ల ఆ యొక్క యంత్రములోనే యుండును. నీలితెరను తొందరపాటుతో బాగుచేయబూనినచో పోవునవి యివియే.

నీలితెర యనునది కంప్యూటరు తనంతట తాను తీసికొను జాగ్రత్త. శ్రీశైలం జలాశయపు వెనుకనీటిని పంపులతో ఎత్తిపోయు ముచ్చుమర్రి ఈ మండలమునందే యున్నది గనుక మోటార్ల సంగతి మన సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఫేజు పోయినను, మోటారుపై భారము మించినను స్టార్టరు పడిపోవును. స్టార్టరు పడినందున మోటారు దక్కినది. ఒకమారు పడినచో మరల వేయుదుము. దినమునకు నాలుగుమార్లు పడుచున్నచో దానిని త్రాటితో కట్టివేయు రైతు ఆ మోటారును కాల్చుకొనును; తెలివిగలవాడు కారణమును వెదకును. కంప్యూటరులోను విధమిదియే. తనలోని లెక్కలు తారుమారైనవని విండోస్ గుర్తించినపుడు, ఆ తప్పు లెక్కలతోనే ముందుకు సాగి దస్త్రములను పాడుచేయుటకంటె ఆగిపోవుట మేలని నిలిచిపోవును. నిలుచుటకు ముందు కారణమును తెరపై వ్రాయును.

అన్ని తప్పులకును నీలితెర రాదు. ఉత్తరము టైపు చేయు ప్రోగ్రాము చెడినచో అది యొక్కటే మూతపడును, తక్కినవి నడచుచుండును. దీనిని దేవాలయముతో పోల్చి చెప్పవచ్చును. సాధారణ ప్రోగ్రాములు మండపములో తిరుగు భక్తులవంటివి. అక్కడ ఒకరు తూలిపడినను పూజ ఆగదు. గర్భగుడిలోనికి ప్రవేశమున్నవి కొన్నియే. ప్రింటరు, స్కానరు, వ్రేలిముద్ర యంత్రము మొదలగువాటికిని విండోస్‌నకును నడుమ దుబాసివలె పనిచేయు డ్రైవర్లు వానిలో ముఖ్యమైనవి. వైరసు నిరోధక ప్రోగ్రాములకును లోపలికి దారి గలదు. ఆ గర్భగుడిలో అపచారము జరిగినచో గుడి తలుపులు మూసి, శుద్ధి చేసి, మరల తెరువవలసినదే. ర్యామ్, డిస్కు మొదలగు యంత్రభాగములే చెడినపుడు గర్భగుడి గోడలే కదలినట్లు.

ఈ తెర 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ కాలము నుండియు ఉన్నది. 2012 నాటి విండోస్ 8లో దానిపై ఏడుపు ముఖపు గుర్తు చేరినది. 2025లో విండోస్ 11నందు మైక్రోసాఫ్టు సంస్థ నీలమును తీసివేసి నల్లరంగు పెట్టినది గనుక, నల్లని తెరపై అట్టి వాక్యములే కనబడినచో అదియు ఇదియే యని గ్రహింపవలెను. 1998 ఏప్రిల్ 20వ తేదీన షికాగోలో బిల్ గేట్స్ సమక్షముననే విండోస్ 98ను ప్రదర్శించుచు ఒక స్కానరును తగిలింపగా, నిండుసభలో నీలితెర పడినది. కనుక మన డిజిటల్ అసిస్టెంటును కేకలువేయుటకు ముందు ఒకింత ఆలోచింపవచ్చును.

యంత్రములో ఏ లోపమును లేకున్నను ఈ తెర వచ్చుననుటకు 2024 జూలై 19వ తేదీ సాక్ష్యము. ఆనాడు మన కాలమానము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా భద్రతా సంస్థ తన వినియోగదారుల కంప్యూటర్లకు ఒక చిన్న దస్త్రమును పంపినది. అందలి పొరపాటు వలన, మైక్రోసాఫ్టు వేసిన లెక్కలో, సుమారు 85 లక్షల యంత్రములు నీలమైపోయినవి. 10 గంటల 57 నిమిషములకు ఆ సంస్థ దానిని ఉపసంహరించుకొన్నది; కాని అప్పటికే పడిపోయిన యంత్రములకు ఆ దిద్దుబాటు చేరు దారి లేకపోయెను. హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులిచ్చిరి. చికిత్స మాత్రము సులభమైనదే: యంత్రమును సేఫ్ మోడ్‌లో తెరచి ఆ యొక్క దస్త్రమును తొలగించుట. చిక్కేమనగా పెక్కుచోట్ల ప్రతి యంత్రము చెంతకును ఒక మనిషి నడచి వెళ్లవలసివచ్చెను. కారణము తెలిసినవారు ఒక దస్త్రము తీసివేసిరి. తెలియనివారు చేయబూనునది డిస్కును పూర్తిగ తుడిచివేయు ఫార్మాటు.

ఇక మన కార్యాలయమునకు వత్తము. తెర నీలమైన వెంటనే స్విచ్చి నొక్కక, సెల్‌ఫోనుతో దానిని ఫోటో తీయవలెను. తెర క్రింది భాగమున "స్టాప్ కోడ్" అను మాటకు ప్రక్కన రెండు మూడు ఇంగ్లీషు పదములుండును. ఒక్కొక్కపుడు ఏ దస్త్రము విఫలమైనదో దాని పేరును ఉండును. తెర కొన్ని సెకండ్లలోనే మాయమగుచున్నచో, విండోస్ సెట్టింగులలో "స్టార్టప్ అండ్ రికవరీ" అనుచోట తనంతట తాను రీస్టార్టు కావలెనను గుర్తును తీసివేయించవలెను. అప్పుడు తెర మనము చూచువరకు నిలిచియుండును. ఫోటో తప్పిపోయినను నష్టము లేదు: విండోస్ ఫోల్డరులో "మినీడంప్" అను చోట ప్రతి పతనమునకును ఒక చిన్న దస్త్రము సాధారణముగ మిగిలియుండును, ఈవెంట్ వ్యూయరులోను నమోదగును.

దీనికై ఒక నోటుపుస్తకము పెట్టించుడని మా సలహా. తేదీ, వేళ, స్టాప్ కోడ్, అప్పుడు చేయుచున్న పని, అంతకు ముందు క్రొత్తగ తగిలించినదిగాని ఎక్కించినదిగాని ఏమి, కరెంటు ఎట్లున్నది - ఇంతే. పది నమోదులు చేరునప్పటికి కారణము చాలవరకు కాగితముపైననే కనబడును.

ఏలయన, కోడ్ ప్రతిమారును ఒకటే యగుచు, స్కానరు తగిలించినపుడే వచ్చుచున్నచో దోషము ఆ స్కానరు డ్రైవరులో నుండుటకు అవకాశమెక్కువ. సేఫ్ మోడ్‌లో తెరచి ఆ డ్రైవరును వెనుకటి దానికి మార్చిన సరిపోవచ్చును. "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని వచ్చినచో విండోస్ తన డిస్కును చేరలేకున్నది. కేబులు వదులై యుండవచ్చును, డిస్కు చివరి దశలో నుండవచ్చును. "వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్" అనునది యంత్రభాగములే ఫిర్యాదు చేయుచున్నవని తెలుపును. వేడి, విద్యుత్తు, ప్రాసెసరు వీనిని చూడవలెను. ఒకనాడు "మెమరీ మేనేజ్‌మెంట్", మరునాడు "పేజ్ ఫాల్ట్", ఆపై ఇంకొకటి - ఇట్లు కోడ్ మారుచున్నచో ముందుగ ర్యామ్‌ను అనుమానింపవలెను. పలక మీది సున్నము లేచిపోయినపుడు దానిపై వ్రాసిన ఏ యక్షరమైనను చెడును గదా.

మేమెరిగిన ఒక కార్యాలయపు సంగతి యిచట చెప్పవలసి యున్నది. అక్కడి యంత్రము రెండు నెలలు ఇట్లే పడిలేచుచుండెను. మొదట వచ్చిన మెకానిక్కు వైరసు అని ఫార్మాటు చేసెను. వారము దినములు తిరుగక మునుపే నీలితెర వచ్చెను. రెండవవాడును ఫార్మాటు చేసెను. ఈ నడుమ గుమాస్తా నాలుగు నెలలు కూర్చుండి టైపు చేసిన ఇంటిపన్ను బకాయిల పట్టిక పోయెను. వేరొకచోట దాని నకలు లేకుండెను. పన్ను చెల్లించిన కొందరికి మరల డిమాండు నోటీసులు వెళ్లగా, ఒక ముదుసలి రసీదును కొంగున ముడివేసికొని వచ్చి బల్లపై పెట్టినది. ఆమె రసీదు దాచుకొన్నది గనుక సరిపోయినది. దాచుకొననివారి సంగతి యెట్లు? మూడవమారు వచ్చిన కుర్రవాడు మాత్రము పెట్టె విప్పుటకు ముందు ఒక ప్రశ్న వేసెను: "ఇది మొదలయ్యే ముందు దీంట్లో ఏమన్నా మార్చినారా?" యంత్రము వేగముగ పనిచేయునని ఒక ర్యామ్ ముక్కను అదనముగ వేయించిరట. దానిని తీసివేయగా తెర మరల రాలేదు. పట్టికను రసీదు పుస్తకముల అడుగుకట్టలనుండి మరల వ్రాయించుటకు ఇంకను మూడు నెలలు పట్టినది.

ర్యామ్‌ను పరీక్షించుట కష్టము కాదు. "విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్" అను ప్రోగ్రాము విండోస్‌లోనే యున్నది. అందులో లోపము తేలకున్నను అనుమానము పోనిచో, కరెంటు తీగ పూర్తిగ ఊడదీసి, ముక్కలను బయటికి తీసి, వాని రాగిరంగు అంచులను పెన్సిలు తుడుపు రబ్బరుతో మెల్లగ తుడిచి, గట్టిగ కూర్చుండబెట్టవలెను. రెండు ముక్కలున్నచో ఒక్కొక్కదానితో కొన్నాళ్లు నడిపి చూడవలెను. యంత్రమునకు వారంటీ యున్నచో మాత్రము పెట్టెను మనము తెరువక కంపెనీవారినే పిలువవలెను.

మన ప్రాంతమున వేడిమియు దుమ్మును వేరుగ చెప్పనక్కరలేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటు గదిలో, బీరువాకును గోడకును నడుమ ఇరికించిన పెట్టెలో, ఫ్యాను రెక్కలకు దుమ్ము పట్టియుండును. మధ్యాహ్నము మాత్రమే యంత్రము పడుచున్నదని నోటుపుస్తకము చెప్పినచో ముందుగ దుమ్ము దులిపించుడు. విద్యుత్తు విషయమున ఒక భేదము గమనింపవలెను. నీలితెరయే లేక యంత్రము గుప్పున ఆరి మరల వెలుగుచున్నచో అది తరచుగ విద్యుత్తు లోపము: యు.పి.ఎస్. బ్యాటరీ అరిగినది, లేదా లోపలి ఎస్.ఎం.పి.ఎస్. బలహీనమైనది. లేజరు ప్రింటరును యు.పి.ఎస్.కు తగిలింపరాదు. అది వేడెక్కునపుడు ఒక్కసారిగ ఎక్కువ విద్యుత్తును లాగును. ఎర్తింగు గుంటలో ఎండకాలమున నీరు పోయించుట పంచాయతీ బంట్రోతు చేయగల పనియే, చాలచోట్ల ఎవరును చేయని పనియు నదియే.

డిస్కుపై అనుమానమున్నపుడు పనుల వరుస ముఖ్యము. ముందుగ దస్త్రములన్నిటిని వేరొక డిస్కునకు నకలు తీయవలెను; ఆ తరువాతనే డిస్కును పరీక్షించు "చెక్ డిస్క్" నడపవలెను. చావుబ్రతుకులలోనున్న డిస్కును గంటలకొలది పరీక్షించుటయే దాని ప్రాణము తీయవచ్చును. ఫార్మాటు అన్నిటికంటె చివరి మందు. విండోస్ దస్త్రములు చెడినపుడు అది పనిచేయును, ర్యామ్, ఎస్.ఎం.పి.ఎస్., దుమ్ము వీనికి అది మందే కాదు. నకలు తీసినట్లు సంతకము లేనిదే ఫార్మాటు చేయరాదని పంచాయతీవారు తీర్మానము చేసికొన్నను తప్పులేదు.

క్రొత్త యంత్రములు కొన్ని డిస్కును బిట్‌లాకర్ అను తాళముతో మూసియుంచును. బాగుచేయునపుడు అది 48 అంకెల తాళపుచెవిని అడుగును. 2024 జూలైలో చాల కార్యాలయములవారు తెల్లబోయినది ఇచటనే: ఆ యంకెలు పడిపోయిన కంప్యూటర్లలోనే భద్రముగ నుండెను. దానిని కాగితముపై వ్రాయించి నగదు పుస్తకముతోపాటు బీరువాలో పెట్టించుడు.

కొత్తది కొనవలెనా యని పగిడ్యాల సభ్యులడిగిన ప్రశ్నకు మా సమాధానమిది. చెడినది ర్యామ్, డిస్కు, ఎస్.ఎం.పి.ఎస్. అయినచో ఆ భాగమును మాత్రమే మార్పించుకొనవచ్చును. మదర్‌బోర్డు గాని ప్రాసెసరు గాని పోయి, యంత్రమును పాతదైనచో, దానిపై వెచ్చించుట వృథా. విండోస్ 10కి మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. ఆ కారణముగ యంత్రము మార్చవలసి రావచ్చును. కాని నీలితెరకును దీనికిని ముడిపెట్టి తొందరపెట్టు దుకాణదారుని స్టాప్ కోడ్ ఏమని వచ్చినదో ముందుగ అడుగుడు. ఎట్లు నిర్ణయించినను పాత డిస్కును మాత్రము ఆ దుకాణములో వదలి రాకుడు. గ్రామస్థుల ఆధారు నకళ్లును, పన్ను లెక్కలును అందులోనే యుండును.