వలందుల సంతలో పెడన దుప్పటి

*ఆమ్‌స్టర్‌డామ్‌లో రాజుగారి పుట్టినరోజున ఊరంతా అంగడే. మనవరాలి కొట్టుకు గుమస్తాగా కూర్చున్న గూడూరు తాతయ్య ఆ రోజు ఏం అమ్మాడు? ఇంటికి ఏం తెచ్చుకున్నాడు?*

ఏప్రిల్ 27. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వోండెల్ పార్కు. పొద్దెక్కినా చలి వదల్లేదు. స్వెట్టరు మీద కోటు, కోటు మీద శాలువా వేసుకుని చెట్టు కింద పరిచిన దుప్పటి అంచున మఠం వేసుక్కూర్చున్నాను. మా మనవరాలు ఆ దుప్పటి మీద సరుకు సర్దుతోంది. చెయ్యి ఊడిన బొమ్మ, రెండు ముక్కలు పోయిన పజిలు, కాళ్ళకు పొట్టయిపోయిన స్కేట్లు, చదివేసిన బొమ్మల పుస్తకాలు. దానికి ఎనిమిదేళ్ళు. ఆ రోజుకి అది షావుకారు, నేను గుమస్తాని.

మాది గూడూరు. నెల్లూరు రైల్లో తగిలే గూడూరు కాదు. బందరు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద, పెడనకు దగ్గర్లో ఉన్న గూడూరు. అమ్మాయీ అల్లుడూ ఆమ్‌స్టర్‌డామ్‌ను ఆనుకుని ఉన్న అమ్‌స్టెల్‌వేన్‌లో ఉంటారు. మనదేశపు ఐటీ కుటుంబాలు అక్కడ ఎన్ని చేరాయంటే, సాయంత్రం వీధిలో నడుస్తుంటే ఏదో ఒక వంటింట్లోంచి తిరగమోత వాసన రావాల్సిందే. “నాన్నా, మ్యూజియాలు ఎప్పుడైనా చూడొచ్చు. సంత చూడాలంటే ఆ ఒక్కరోజే” అని అమ్మాయి పట్టుబట్టి మా ప్రయాణాన్ని ఏప్రిల్‌లో పెట్టించింది.

తువ్వాలు వేసి సీటు ఆపినట్టు

నెదర్లాండ్స్ రాజు విలెమ్ అలెగ్జాండర్ పుట్టింది 1967 ఏప్రిల్ 27న. ఆయన 2013లో గద్దెనెక్కాడు. ఆ మరుసటేడు నుంచి దేశమంతా ఆయన పుట్టినరోజు పండగ చేసుకుంటోంది. అంతకుముందు ఇద్దరు రాణుల కాలంలో ఈ సంబరం ఏప్రిల్ 30న జరిగేది. పండగనాడు వీధిలో ఎవరైనా కొట్టు పెట్టుకోవచ్చు. లైసెన్సు అక్కర్లేదు, పన్ను కట్టక్కర్లేదు. దీన్ని డచ్చివాళ్ళు ‘వ్రైమార్క్ట్’ అంటారు, అడ్డూ అదుపూ లేని సంత అన్నమాట. ఏడాదంతా అటక మీద మూలిగిన సామానంతా ఆ పూట పేవ్‌మెంట్ల మీదికి దిగుతుంది. పాత కుర్చీలు, పింగాణీ పళ్ళేలు, గ్రామఫోను రికార్డులు, ఎవరిదో పెళ్ళిగౌను.

మంచి జాగా కోసం ముందే సుద్దముక్కతో నేల మీద గీత గీసి ‘బెజెట్’ అని రాసుకుంటారు. ఆక్రమించాం అని దాని అర్థం. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపే జాతి మనదొక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

వోండెల్ పార్కు మాత్రం పిల్లల సొంతం. పదిహేడో శతాబ్దపు కవి వోండెల్ పేరు పెట్టుకున్న ఈ తోట 1865లో తెరిచారు. ఆ రోజు ఇక్కడ పిల్లలే అమ్మేది. ఒక పిల్ల వయొలిన్‌తో ఒకే పాటను పదేపదే కోసేస్తోంది, ముందున్న టోపీలో నాణేలు పడుతూనే ఉన్నాయి. ఒకడు తన మొహం మీదికి స్పాంజి విసిరితే ఇంతని రేటు పెట్టాడు. రాజవంశం పేరే ఆరెంజ్ కాబట్టి చొక్కాలు, టోపీలు, కుక్కల మెడపట్టీలు కూడా నారింజ రంగే. మామూలుగా గులాబీ రంగు పూతతో ఉండే టొంపూస్ అనే క్రీము కేకు కూడా ఆ ఒక్కరోజుకి నారింజ రంగు పూసుకుంటుంది.

నాకు వెలితిగా అనిపించింది ఒక్కటే, కేక. శివరాత్రికి పెదకళ్ళేపల్లి తిరునాళ్ళలోనో, పెడన పైడమ్మ జాతరలోనో నడిస్తే చెవులు దిమ్మెక్కుతాయి. జీళ్ళవాడు, గాజులవాడు, బూరలవాడు ఒకరి గొంతు మీద ఒకరు ఎక్కేస్తారు. ఇక్కడ అమ్మేవాళ్ళు అరవరు. కొనేవాళ్ళు వంగి, చూసి, మెల్లగా అడుగుతారు. బేరం మాత్రం ఆడతారు. ఆ విద్య వాళ్ళకు ఒకరు నేర్పాల్సిన పని లేదు.

మా కొట్టుకు మొదట వచ్చింది ఒక తండ్రీ, కొడుకూ. స్కేట్ల ధర 2 యూరోలంది మా షావుకారు. ఆయన 1 అన్నాడు. అది మొహం ముడుచుకుంది. “బోణీ బేరం వదులుకోకూడదమ్మా” అన్నాను చెవిలో.

“బోణీ అంటే ఏంటి తాతయ్యా?”

పొద్దున మొదటి బేరమనీ, అది ఎలా జరిగితే రోజంతా అలాగే సాగుతుందని నమ్మకమనీ చెప్పి, ఆయన ఇచ్చిన నాణేన్ని కళ్ళకద్దుకుని దాని చేతిలో పెట్టాను. అదీ అలాగే అద్దుకుంది. ఆ తండ్రి సంగతేమిటని అడిగితే డచ్చిలో గడగడా చెప్పేసింది. ఏమనుకున్నాడో ఏమో, రెండో నాణెం కూడా ఇచ్చి వెళ్ళాడు.

అమ్మకానికి పెట్టని సరుకు

పదకొండు దాటాక ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్భై పైమాటే. బొమ్మల వంక చూడలేదు. వంగి దుప్పటి అంచు పట్టుకుని, తిరగేసి వెనకవైపు చూసింది. రంగు గుడ్డకు రెండో పక్కదాకా ఇంకిందా లేదా అని బందరు బట్టల కొట్లో మా అమ్మ చూసినట్టే చూసింది. ఆమె నోటివెంట వచ్చిన మాట ఒక్కటే: “సిట్స్!”

అది పెడన కలంకారీ దుప్పటి. పదేళ్ళ కిందట అమ్మాయి మొదటిసారి విమానం ఎక్కేటప్పుడు సూట్‌కేసులో అడుగున పరిచి పంపాం. నారింజ పండగ కదా, ఎరుపు బాగుంటుందని ఆ పొద్దున బీరువాలోంచి తీసింది.

సిట్స్ అంటే మన చీటీగుడ్డే. మాట కూడా మనదేశం నుంచి వెళ్ళిందే. ఇంగ్లీషువాళ్ళ నోట చింట్జ్ అయింది, వీళ్ళ నోట సిట్స్ అయింది. ఆమె అమ్మమ్మది స్పాకెన్‌బుర్గ్ అనే చేపల రేవు ఊరట. అక్కడి ఆడవాళ్ళు భుజాల మీద గంజి పెట్టి అట్టలా బిగించిన పూలగుడ్డ తొడిగేవాళ్ళు. దాన్ని క్రాప్లాప్ అంటారు. ఇప్పటికీ కొద్దిమంది ముసలమ్మలు కడుతున్నారు. ఇంట్లో చావు జరిగితే ముదురు రంగులు, శుభానికి ఎర్రపూలు. ఉత్తరాన హిండెలోపెన్ అనే ఊళ్ళో అయితే పొడవాటి కోట్లే ఈ గుడ్డతో కుట్టుకునేవాళ్ళు.

పక్క దేశాల్లో లేని ఈ వాడకం వీళ్ళకెలా నిలిచింది? ఫ్రాన్సు 1686లో మన అద్దకం బట్టలను నిషేధించింది. సొంత నేతగాళ్ళ గోల భరించలేక ఇంగ్లండూ అదే దారి పట్టింది. డచ్చివాళ్ళు మాత్రం నిషేధం పెట్టలేదు. అమ్ముకుని లాభం తినేది వాళ్ళ కంపెనీయే మరి.

వలందపాలెం దాకా

బందరు తెలిసినవాళ్ళకు ఈ కథ సగం పేటల పేర్లలోనే తెలుసు. ఇంగ్లీషువాళ్ళది ఇంగ్లీషుపాలెం. ఫ్రెంచివాళ్ళను మనవాళ్ళు పరాసులన్నారు, వాళ్ళది పరాసుపేట. హాలండువాళ్ళు వలందులు, వాళ్ళ పేరున వలందపాలెం. చెక్కడం పనితో ఉన్న వాళ్ళ సమాధులు ఇప్పటికీ బందరులో ఉన్నాయి.

వలందుల తూర్పు ఇండియా కంపెనీ 1602లో పుట్టింది. మూడేళ్ళకే వాళ్ళ ఓడ బందరు తీరానికి వచ్చింది, 1606లో గోల్కొండ సుల్తానుతో ఒప్పందం కుదిరింది. నిజానికి వాళ్ళకు కావలసింది లవంగాలు, జాజికాయ. అవి పండే తూర్పు దీవుల్లో జనం ఎక్కువగా ఆశించింది మన నూలుబట్ట. అందుకని మా తీరంలో బట్ట కొని, దీవుల్లో ఇచ్చి, మసాలా దినుసులు తీసుకుని ఇంటికి పోయేవాళ్ళు. ఆ ఓడల్లో మిగిలిన కొన్ని మూటలే ఆమ్‌స్టర్‌డామ్ ఇల్లాళ్ళకు వెర్రి పుట్టించాయి.

వెర్రికి కారణం ఉంది. ఐరోపాలో అప్పటిదాకా గుడ్డ మీద బొమ్మ వేస్తే ఉతుక్కి పోయేది. మనవాళ్ళది పోదు. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఎండేస్తారు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. తర్వాత పారే నీళ్ళలో జాడించి చిరివేరుతో ఉడకబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట ఉతుక్కి తేలిపోతుంది. కృష్ణా డెల్టా తీరంలో పండిన చిరివేరుకు గొప్ప పేరుండేది. అప్పట్లో అటు వెళ్ళినవాటిలో మేలురకాలు కలంతో గీసినవి. ఇప్పుడు మా పెడనలో టేకు అచ్చులతో అద్దుతారు. కరక్కాయా, పటికా, కాలవ నీళ్ళూ మాత్రం అవే.

ఇదంతా నేను మనవరాలికి తెలుగులో చెబితే, అది ఆ పెద్దావిడకు డచ్చిలో చెప్పింది. ఆమె శ్రద్ధగా విని ఒక్క ప్రశ్న వేసింది. మనవరాలు నా వైపు తిరిగింది.

“తాతయ్యా, ఇది ఎవరు చేశారని అడుగుతోంది.”

“పెడనలో చేశారని చెప్పు.”

“ఊరు కాదట. మనిషి పేరు.”

నా దగ్గర జవాబు లేదు. పెడన రోడ్డు మీద ఎన్ని వందలసార్లు తిరిగాను! ఎన్ని దుప్పట్లు కొన్నాను! కాలవ గట్టున ఆరేసిన గుడ్డలు చూస్తూ పెరిగినవాణ్ణి. ధర అడిగాను, రంగు పోదు కదా అని అడిగాను. అద్దింది ఎవరని ఒక్కనాడూ అడగలేదు.

ఆమె 40 యూరోలు ఇస్తానంది. అప్పటికి మా కొట్టు మొత్తం వ్యాపారం పదకొండున్నర. మనవరాలి కళ్ళు ఇంతయ్యాయి. నేను తటపటాయిస్తుంటే అమ్మాయే అంది, “ఇచ్చేయండి నాన్నా. సంతకొచ్చిన సరుకు ఇంటికి మోసుకుపోతామా?” బొమ్మలన్నీ గడ్డి మీదికి దించి, దుప్పటి దులిపి మడతపెట్టి ఇచ్చాం. మనవరాలు ఒక చీటీ మీద ‘పెడన’ అని రాసి మడతలో పెట్టింది. ఒక పక్క తెలుగులో, రెండో పక్క వాళ్ళ లిపిలో.

కంపెనీ గుమ్మం ముందు

మధ్యాహ్నం కొట్టు కట్టేసి ఊరు చూడబోయాం. ఆ రోజు ఊరి నడిమధ్యకు ట్రాములు రావు, కాళ్ళే గతి. కాలవల్లో పడవల మీద జనం పాడుతూ పోతున్నారు. మా దివిసీమ కాలవల్లో అంత మంది పడవెక్కేది వరదొచ్చినప్పుడే.

పండగరోజు కుదరనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. 1905 నుంచి సాగుతున్న ఆల్బర్ట్ కైప్ బజారు ఆదివారం తప్ప వారమంతా ఉంటుంది. చీజు చక్రాలు, తులిప్ గడ్డలు, బట్టల తానులు, కళ్ళముందే రెండు పలచని రొట్టెల మధ్య పాకం పూసి ఇచ్చే స్ట్రూప్‌వాఫెల్. ఉప్పులో ఊరిన హెరింగ్ చేపను ఉల్లిముక్కలతో ఇస్తారు. వండకుండానే తినాలి. బందరు ఎండుచేప వాసనకు అలవాటుపడ్డ నాకు రెండో ముక్క నచ్చింది. మా ఆవిడ మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది. పాత సామాను ఇష్టపడేవాళ్ళకు వాటర్లూప్లేన్ ఉంది.

ఆ రోజు మేం తిరిగి తిరిగి కంపెనీవారి పాత కచేరీ ముందు ఆగాం. ఇప్పుడు అందులో విశ్వవిద్యాలయం నడుస్తోంది. గుమ్మం పైన రాతిలో కంపెనీ ముద్ర ఉంది. మూడక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకున్న ముద్ర. ఇండోనేషియా దీవుల్లో దొరికిన పాత కోరమాండల్ బట్టల వెనక ఇదే ముద్ర కనిపిస్తుంది. కొన్నవాడి పేరు వందల ఏళ్ళు బట్ట మీద నిలిచింది. గీసినవాడి పేరు పొద్దున ఆ పెద్దావిడ అడిగేదాకా పక్క ఊరివాణ్ణయిన నాకే పట్టలేదు.

చీకటి పడుతుండగా డామ్ చౌకులో జాతర. పీచుమిఠాయి, తుపాకీతో బెలూన్లు కొట్టే ఆట, రంగురంగుల దీపాలతో జెయింట్ వీలు. పైకి వెళ్ళాక మనవరాలు తన డబ్బు మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఆగి, “తాతయ్యా, ఆవిడ మళ్ళీ వచ్చే ఏడు వస్తుందేమో. అప్పుడు పేరు చెప్పాలి కదా” అంది.

మూలన రెండు పొడి అక్షరాలు

గూడూరు వచ్చిన వారానికి పెడన వెళ్ళాను. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన భూగోళంలోని ‘కొడ్డూర’ మా గూడూరేనని కొందరు పండితులు అంటారు. పక్కన ఘంటసాలను ఆయన రేవు బజారుగా రాశాడు. పద్దెనిమిది, పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటి బజార్లున్న నేల. అంత పాత నేల మీద అంత చిన్న ప్రశ్నతో ఒక షెడ్డు ముందు నిలబడడానికి నాకు కొంచెం సిగ్గేసింది.

అద్దకం బల్ల దగ్గరున్న మనిషికి నా వయసే ఉంటుంది. నాకు కావలసిన దుప్పటి చెప్పాను. తర్వాత పేరడిగాను. చెప్పాడు. ఆ పేరు బట్ట మూలన రాయమన్నాను.

“నా పేరెందుకండీ బాబూ? స్క్రీను ప్రింట్లు సగం ధరకు వస్తున్నాయి. ఇది చేత్తో అద్దిందా అని అడిగేవాళ్ళే తక్కువ. పేరెవరు అడుగుతారు?”

“అడిగారు” అన్నాను. పార్కులో జరిగిందంతా చెప్పాను.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. అచ్చు పక్కన పెట్టి, మూలనున్న వెదురు కలం వెతికి తీసి, బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్ళలో ముంచాడు. కలానికి ఉన్నప్పుడు అది కుండలో కలకబారిన నీళ్ళలాగే ఉంది. కరక్కాయ పట్టించిన గుడ్డకు తగలగానే నల్లబడింది. ఒక్కో అక్షరం అలా నల్లబడుతూ ఇంటిపేరు పొడి అక్షరాలు రెండు, వెనక పేరు.

అద్దకం, ఉడకబెట్టడం, కాలవలో జాడింపులు అయ్యేసరికి మూడు వారాలు పట్టింది. ఇంటికి తెచ్చాక మా ఆవిడ మరో రెండుసార్లు ఉతికింది. పేరు పోలేదు. వచ్చే ఏప్రిల్‌లో వోండెల్ పార్కులో పరవడానికి అది మడతపెట్టి సిద్ధంగా ఉంది. ఈసారి ధర మాత్రం 40 యూరోలకు కుదరదని షావుకారు అప్పుడే ఫోనులో చెప్పేసింది.