తొలి నవల: సొంత అచ్చా, ప్రచురణకర్తయా?

ఉప్పాడ నేతగాండ్రకు ఒక తారతమ్యము బాగుగా తెలియును. షావుకారు ఇచ్చిన పట్టుతో జాందానీ చీర నేసినచో కూలి నిశ్చయము. చీర మాత్రము షావుకారుది. సొంత పట్టుతో నేసినచో చీరయు తనదే, అమ్ముడుపోనిచో నష్టమును తనదే. తొలి నవల వ్రాసినవారి యెదుటనున్న ప్రశ్నయు ఇట్టిదే.

దీనికి గోదావరి సీమలోనే పూర్వోదాహరణము కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వారి సొంత పత్రిక ‘వివేకవర్ధని’లో ధారావాహికముగా వచ్చి, 1880లో పుస్తకమైనది. పుస్తకముకంటె ముందే పాఠకులు సిద్ధముగా నుండిరి.

నేడు అచ్చు సులభము. కోరినన్ని ప్రతులే వేయించుకొనవచ్చును, ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య మన దేశమున ఉచితము. కష్టమెల్ల తప్పులు దిద్దుట, అంగళ్లకు చేర్చుట, సొమ్ము రాబట్టుటలోనే యున్నది. ప్రచురణకర్త ఆ భారము వహించి, ప్రతిగా హక్కు కోరును. ఒడంబడికలో గడువు వ్రాయనిచో, 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఆ హక్కు అయిదేండ్లకే పరిమితము. గడువు వ్రాసియున్నచో అదియే చెల్లును. కావున చదివిన పిదపనే సంతకము చేయవలెను. అచ్చు ఖర్చును రచయితనే యడుగువాడు ఈ భారమేదియు మోయుట లేదని గ్రహింపవలెను.

పాఠకులు గలవారు సొంతముగా వేయవచ్చును. లేనివారు ముందు పత్రికలకు పంపి పాఠకులను సంపాదించుకొనుట మేలు.