గుర్తు ఉంటుంది.. నెట్ రాదు!
ఫోన్ మార్చే ముందు లోపం ఎక్కడుందో చూడాలి

నిజామాబాద్: రాత్రి ఎనిమిదిన్నర. దుబాయిలో అప్పటికి ఏడు గంటలు. పని ముగించుకొని గదికి చేరిన మనిషి ఇంటికి వీడియో కాల్ చేసే సమయమది. రెండు మాటలు కాగానే తెరపై ముఖం కదలకుండా నిలిచిపోతుంది. గొంతు తెగిపోతుంది. ఫోన్‌పై వైఫై గుర్తు మాత్రం నిండుగానే ఉంటుంది. నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాల్లోని వలస కుటుంబాల్లోనూ ఇది తరచూ ఎదురయ్యే అనుభవమే. ఫోన్ పాడైందని మరమ్మతు దుకాణానికి వెళ్లేవారు కొందరు. వేలు వెచ్చించి కొత్తది కొనేవారు ఇంకొందరు. కొత్త ఫోన్‌లోనూ అదే తంతు మొదలయ్యాకే అసలు లోపం మరోచోట ఉందని తెలుస్తుంది.

గుర్తు చెప్పేది సగమే

వైఫై గుర్తు నిండుగా ఉందంటే ఫోన్‌కూ, ఇంట్లోని రూటర్‌కూ మధ్య తరంగాలు బాగా అందుతున్నాయని మాత్రమే అర్థం. రూటర్ నుంచి బయటకు వెళ్లే తీగలో ఇంటర్నెట్ వస్తోందో లేదో ఆ గీతలు చెప్పవు. పొలం తూము తెరిచి ఉన్నంత మాత్రాన నిజాంసాగర్ కాల్వలో నీరు పారుతున్నట్లు కాదు కదా! గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం కనిపించినా, 'కనెక్టెడ్, ఇంటర్నెట్ లేదు' అన్న మాట వచ్చినా చూడవలసింది పై కాల్వనే.

లోపం మూడు చోట్ల ఎక్కడైనా ఉండవచ్చు. ఫోన్‌లో, ఫోన్‌కూ రూటర్‌కూ నడుమ ఉన్న గాలిలో, లేదా రూటర్ అవతలి తీగలో. తేల్చుకోవడానికి సాంకేతిక నిపుణుడు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న మరో ఫోన్ తీసుకొని, రెండింటితో రూటర్ పక్కనే నిలబడి ఒకే పేజీ తెరిచి చూడాలి. రెండింటిలోనూ రాకపోతే తప్పు తీగది, లేదా రూటర్‌ది. ఒక్కదానిలోనే రాకపోతే ఆ ఫోన్‌ది. అక్కడ రెండూ బాగా పనిచేసి, పడకగదిలోకి వెళ్లగానే ఆగిపోతే గోడల మీద దృష్టి పెట్టాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. దుకాణానికి వెళ్లేవారిలో ఎక్కువమంది ఇది చేయకుండానే వెళ్తుంటారు.

గోడలే అడ్డు

నిజాం చక్కెర కర్మాగారం 1937లో వెలిసిన తర్వాత విస్తరించిన బోధన్, శక్కర్‌నగర్ పరిసరాల్లో మందపాటి గోడల పాత ఇళ్లు నేటికీ కనిపిస్తాయి. ఎండను ఆపే ఆ గోడలే వైఫైనీ ఆపుతాయి. రాయి, మందపు ఇటుక, ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు తరంగాలను బలహీనపరుస్తాయి. ఇనుప బీరువా, రేకుల అడ్డు, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు వంటివి మరీ ఎక్కువగా అడ్డుకుంటాయి. తీగ లాగడానికి వచ్చిన కేబుల్ మనిషి దగ్గరి దారి చూసుకొని వీధి తలుపు పక్కనో, టీవీ వెనుకనో రూటర్ బిగించి వెళ్తాడు. అది అతనికి అనుకూలమైన చోటు. ఇంటిల్లిపాదికీ అనుకూలమైనది ఇంటి నడుమ, ఛాతీ ఎత్తుకు మించి, చుట్టూ ఖాళీగా ఉండే అర. మరికొన్ని మీటర్ల తీగ వేయించుకుంటే అయ్యే పనికి కొత్త ఫోన్ కొనడం దండగ.

చాలా రూటర్లు రెండు పట్టీల్లో తరంగాలు పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ నెమ్మదైనదైనా గోడలు దాటి దూరం వెళ్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. రెండింటికీ ఒకే పేరు ఉంటే ఫోన్ ఒకదాని నుంచి మరొకదానికి మారుతూ మధ్యలో తెగిపోవచ్చు. రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, దూరపు గదిలో వాడే ఫోన్‌ను 2.4కు కలిపితే మాటిమాటికీ తెగే బాధ చాలా ఇళ్లలో తగ్గుతుంది.

అయితే ఆ పట్టీలో రద్దీ ఎక్కువ. 2.4 గిగాహెర్ట్జ్‌ను వైఫైకి లైసెన్సు లేకుండా వాడుకునే వీలును కేంద్రం 2005లో కల్పించింది. బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ పొయ్యి కూడా ఇందులోనే పనిచేస్తాయి. ఆసుపత్రులు, ల్యాబ్‌లు కిక్కిరిసిన ఖలీల్‌వాడి వంటి చోట్ల ఫోన్ తెరిస్తే పదుల కొద్దీ వైఫై పేర్లు కనిపిస్తాయి. అందరి రూటర్లూ ఒకే ఛానల్‌లో ఉంటే ఒకరి సంకేతం మరొకరికి అడ్డు తగులుతుంది. ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు 1, 6, 11. రూటర్ సెట్టింగుల్లో వీటిలో ఒకదానికి మార్చి చూడాలి.

పేరే మాయమైతే..

వైఫై పేరే జాబితాలో మాయమై, ఒకటి రెండు నిమిషాల్లో తిరిగి వస్తోందంటే రూటర్ ఆగి మళ్లీ మొదలవుతోందని గ్రహించాలి. వోల్టేజీ హెచ్చుతగ్గులు, పాతబడిన అడాప్టర్, వదులైన ప్లగ్ ఇందుకు సాధారణ కారణాలు. వేసవిలో కిటికీ ఎండ తగిలే చోటో, టీవీ పైనో ఉంచిన రూటర్ వేడెక్కి కూడా ఇలాగే చేస్తుంది. కరెంటు పోయినప్పుడల్లా నెట్ పోకుండా చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. కొనేముందు అడాప్టర్‌పై ముద్రించిన వోల్టేజీతో సరిచూసుకోవాలి. తేడా ఉంటే రూటర్ కాలిపోయే ప్రమాదముంది.

పేరు అలాగే ఉండి నెట్ మాత్రం రాకపోతే ఫైబర్ పెట్టెపై దీపాలు చూడాలి. 'లాస్' అని రాసిన చోట ఎర్రదీపం వెలిగితే వెలుపలి తీగ ఎక్కడో తెగింది, లేదా వంగింది. ఇంట్లో ఏం చేసినా ప్రయోజనం ఉండదు. సంస్థకు ఫిర్యాదు చేయాల్సిందే.

ఫోన్‌లోనే లోపమైతే

ముందుగా ఆ వైఫై పేరును 'ఫర్‌గెట్' చేసి, పాస్‌వర్డ్ మళ్లీ ఇచ్చి కలపాలి. తేదీ, సమయం తప్పుగా ఉన్నా బ్యాంకు పేజీల వంటి భద్రత గలవి తెరుచుకోవు. ఎప్పుడో వేసుకున్న వీపీఎన్ యాప్, 'ప్రైవేట్ డీఎన్ఎస్' అమరిక, బ్యాటరీ పొదుపు కూడా అడ్డుపడతాయి. అనుమతించిన ఫోన్లకే నెట్ ఇచ్చే హాస్టళ్లు, కార్యాలయాల్లో మరో చిక్కుంది. 2019 నాటి ఆండ్రాయిడ్ 10, 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు గుర్తింపు సంఖ్యకు బదులు మారు సంఖ్య చూపుతున్నాయి. అక్కడ ఆ వైఫై వరకు అసలు సంఖ్య చూపేలా మార్చుకోవాలి. 'రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్' చివరి అస్త్రం. ఫొటోలు పోవు గానీ, దాచిన వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు చెరిగిపోతాయి. ఇక ఎస్సెమ్మెస్‌గా వచ్చే ఓటీపీ అందకపోతే వైఫైని నిందించడం సరికాదు. అది సిమ్ సిగ్నల్‌పై ఆధారపడినది.

తప్పు దుబాయి వైపు కావచ్చు

గల్ఫ్ కాల్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. యూఏఈలో అనుమతి పొందిన ఇంటర్నెట్ కాలింగ్ యాప్‌లనే వాడాలన్న నిబంధన ఉంది. ఇక్కడ వీడియోలు, వార్తలు చక్కగా వస్తూ ఒక్క దుబాయి కాల్ మాత్రమే తెగుతుంటే లోపం ఈ ఇంటి వైఫైలో లేకపోవచ్చు. ముందుగా అదే యాప్‌లో ఊళ్లోని బంధువుకు కాల్ చేసి చూడాలి. అది సాఫీగా సాగితే అవతలి వ్యక్తిని అక్కడ అనుమతి ఉన్న యాప్‌కు మారమనడమే మార్గం.

రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ వైఫైకి కలిసినా పేజీ తెరుచుకోకపోవడం లోపం కాదు. ఫోన్ నంబరు, ఓటీపీ ఇచ్చి లాగిన్ కావాలి. ఉచితం రోజుకు మొదటి 30 నిమిషాలే.

ఫిర్యాదు ఇలా..

తీగలోనే లోపమని తేలితే నెట్ ఆగిన తేదీలు, వేళలు రాసి ఉంచుకోవాలి. బ్రాడ్‌బ్యాండ్ అని పిలవాలంటే డౌన్‌లోడ్ వేగం కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023 జనవరిలో కేంద్రం నిర్వచించింది. రూటర్ పక్కనే నిలబడి, మిగతా ఫోన్లు ఆపి కొలిచిన వేగాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ముందుగా సంస్థ ఫిర్యాదు కేంద్రానికి తెలిపి డాకెట్ నంబరు తీసుకోవాలి. పరిష్కారం కాకుంటే, ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అదే సంస్థలోని అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చు. అప్పీలులో ఆ డాకెట్ నంబరు పేర్కొనాలి గనుక, మొదటిసారి మాట్లాడినప్పుడే అడిగి రాసుకోవడం మేలు.